తుపాను రోజున ఎవరి లొకేషన్ నమ్మాలి?

అక్టోబరు వచ్చిందంటే మన శ్రీకాకుళం, విజయనగరం జనానికి గుండెల్లో గుబులు మొదలవుతుంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్, సరిగ్గా ఏడాదికి మళ్లీ అదే తేదీన హుద్‌హుద్, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస పక్కన తిత్లీ. గులాబ్ కాస్త తొందరపడి 2021లో సెప్టెంబరు 26నే కళింగపట్నం దగ్గర తీరం దాటింది. ఫైలిన్ నాటికి మన పల్లెల్లో స్మార్ట్‌ఫోన్ ఉన్నవాళ్లు తక్కువ. ఇప్పుడైతే గాలి మొదలవకముందే వాట్సాప్ గ్రూపులు మోగిపోతుంటాయి. ఫలానా చోట వంతెన తెగింది, ఫలానా కాలనీ మునిగింది, ఇదిగో లొకేషన్, అందరికీ షేర్ చేయండి. వాటిలో నిజమూ ఉంటుంది, నిన్నటి నిజమూ ఉంటుంది, ఎక్కడో వేరే జిల్లాలో జరిగింది మన ఊరి పేరు తగిలించుకుని తిరిగేదీ ఉంటుంది.

అందుకే ఈ పోలిక. ఏ రకం కబురు ఏ పనికి పనికొస్తుంది, దేన్ని ఎంతసేపు నమ్మొచ్చు, ఏది వచ్చినా ఇంకో ఫోన్ చేసి గానీ కదలకూడదు అన్నది ఒక్కచోట పెడుతున్నాను. నా లెక్కలో యాప్ ఏదన్నది ఆఖరి విషయం. చూసినవాడు ఎవరు, ఎప్పుడు చూశాడు, ఎక్కడ నిలబడి చూశాడు, ఈ మూడూ తెలిస్తే సిగరెట్ పెట్టె వెనక రాసి పంపినా నమ్ముతాను. తెలియకపోతే ఎంత అందమైన మ్యాప్ మీద చుక్క పెట్టినా పక్కన పెడతాను.

ముందు మీ పని ఏంటో తేల్చుకోండి

అన్ని కబుర్లనీ ఒకే తీరుగా చూస్తే కుదరదు. "ఫలానా పేటలో ముసలాళ్లిద్దరు నీళ్లలో చిక్కుకున్నారు" అని వస్తే నిజమా కాదా అని గంటసేపు కూర్చుని పరిశోధన చేయక్కర్లేదు. "మేం ఖాయం చేసుకోలేదు, ఇన్ని గంటలకి ఇలా వచ్చింది, పంపినవాళ్ల నంబరు ఇది" అని చెప్పి 112కో, రాష్ట్ర కంట్రోల్ రూమ్ 1070కో, జిల్లాలోనే అయితే 1077కో అందించేయండి, ఆ తర్వాత ఆరా తీయండి. అబద్ధమని తేలితే మళ్లీ ఫోన్ చేసి అవసరం లేదని చెప్పొచ్చు. నిజమై ఉండి మనం ఆలస్యం చేస్తే సరిదిద్దుకోవడానికి ఏమీ మిగలదు.

రోడ్డు సంగతి దీనికి తలకిందులు. "రోడ్డు తెగింది" అన్న మాట అబద్ధమైతే పోయేదల్లా పెట్రోలు, కొంత టైం, ఇంకో దారిన చుట్టు తిరిగి వస్తారు. "రోడ్డు బాగానే ఉంది, వచ్చేయొచ్చు" అన్న మాట అబద్ధమైతే బండి, మనిషి కలిసి గెడ్డలో (వాగులో) కొట్టుకుపోతారు. కాబట్టి చెడ్డ కబురుని ఒక్క మనిషి చెప్పినా ఒప్పుకోండి, మంచి కబురుకి మాత్రం ఇద్దరు సాక్షులు కావాలని పట్టుబట్టండి. మన జనం సరిగ్గా దీనికి వ్యతిరేకంగా చేస్తారు, ఇంటికి వెళ్లాలన్న ఆత్రంలో "పర్లేదు, వెళ్లిపోవచ్చు" అన్న ఒక్క మెసేజ్ దొరికితే చాలు బండి తీసేస్తారు.

తిండి, తార్పాలిన్లు, మంచినీళ్ల క్యాన్లు వేసుకుని వ్యాను పంపేవాళ్లకి అంత తొందర ఉండదు. బియ్యం కొని, మూటలు కట్టి, డ్రైవర్‌ని ఒప్పించేసరికి ఎలాగూ రెండు మూడు గంటలు పడుతుంది కదా, ఆ టైంలో నాలుగు ఫోన్లు చేసుకోకపోవడానికి సాకేమీ లేదు. హైవే పక్క ఉన్న ఒక్క ఊళ్లోనే నాలుగు వ్యాన్లు ఆగిపోవడం, లోపల తోటల్లో ఉన్నవాళ్లకి ఒక్కటీ చేరకపోవడం ఆ ఫోన్లు చేయకపోవడం దగ్గరే మొదలవుతుంది.

ఫార్వర్డ్, వాయిస్, పిన్, ఫొటో

అన్నిటికన్నా కింది మెట్టు మీద ఉండేది ఫార్వర్డ్ చేసిన రాత. వాట్సాప్‌లో మెసేజ్ మీద రెండు బాణాల గుర్తు కనిపిస్తే అది కనీసం ఐదు చేతులు మారి వచ్చిందని అర్థం. అలాంటి దాంట్లో తేదీ, టైం లేకపోతే నేను చదవడం కూడా మానేస్తాను. ఒక బాణమే ఉన్నా, అసలు బాణమే లేకపోయినా నిశ్చింతగా ఉండకండి, కాపీ చేసి కొత్తగా అంటించినదానికి ఆ గుర్తు రాదు. ఒకే మాట పది గ్రూపుల్లో కనిపిస్తే పది మంది చెప్పినట్టు అనిపిస్తుంది గానీ, అక్షరం పొల్లు పోకుండా, అదే తప్పుతో, అదే ఆశ్చర్యార్థకాలతో ఉంటే అదంతా ఒక్కడి నోటి మాటే.

వాయిస్ మెసేజ్ ఇంతకన్నా కొంచెం నయం, కొంచెం ప్రమాదం కూడా. వెనకాల గాలి హోరు, మన యాస, ఎవరో ఏడుపు వినిపిస్తే చాలు మనసు నమ్మేస్తుంది. యాస మనదే అయినంత మాత్రాన ఆ మనిషి ఇప్పుడు, ఇక్కడే ఉన్నాడని ఎక్కడుంది? పాత తుపానులో రికార్డయిన గొంతు కూడా అదే యాసలో ఉంటుంది. అందులో ఊరి పేరుతో పాటు "ఇవాళ పొద్దున్న" అన్న మాట ఉందా, ఆ "ఇవాళ" ఏ రోజో తెలిసే వీలుందా అన్నది చూడండి.

లొకేషన్ పిన్ విషయంలో కాస్త ఆగాలి, ఎందుకంటే జనం దీన్ని గుడ్డిగా నమ్ముతారు. వాట్సాప్‌లో అటాచ్ నొక్కి లొకేషన్‌లోకి వెళ్తే "ప్రస్తుత లొకేషన్ పంపు" అని ఉంటుంది, దాని కింద ఇన్ని మీటర్ల కచ్చితత్వం అని చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఆ కిందే చుట్టుపక్కల గుడి, బడి, కిరాణా కొట్టు పేర్లు వరసగా ఉంటాయి. కంగారులో వేలు జారి ఆ పేర్లలో ఒకటి తగిలితే వెళ్లేది గుడి లొకేషన్, మనిషిది కాదు. పిన్‌తో పాటు గుడి పేరో షాపు పేరో కనిపిస్తే వెంటనే "నువ్వు అక్కడే ఉన్నావా, దగ్గర్లో ఉన్నావా" అని అడగండి. ఆరుబయట ఫోన్ జీపీఎస్ ఐదు మీటర్ల వరకు సరిగ్గా చూపిస్తుంది. తుపాను షెల్టర్ శ్లాబు కింద కూర్చుంటే ఆ లెక్క చెడుతుంది, జీపీఎస్ పట్టక టవర్ ఆధారంగా చూపిస్తే కిలోమీటర్లకి కిలోమీటర్లే తేడా రావొచ్చు. మ్యాప్‌లో నీలం చుక్క చుట్టూ లేత నీలం వలయం ఎంత పెద్దగా ఉంటే అంత అనుమానం అన్నమాట.

లైవ్ లొకేషన్ దీనికన్నా మేలు, పదిహేను నిమిషాలు, గంట, ఎనిమిది గంటలు అని పెట్టుకోవచ్చు, మనిషి కదిలితే చుక్క కదులుతుంది. కదలకపోతే రెండు అర్థాలున్నాయి: మనిషి అక్కడే ఉన్నాడు, లేదా ఫోన్‌కి సిగ్నల్ పోయింది. చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ అయిందో అక్కడే రాసి ఉంటుంది, అది చూడకుండా "ఇంకా అక్కడే ఉన్నారు" అని పడవ పంపించేయకండి.

లొకేషన్‌ని అక్షాంశం, రేఖాంశం అంకెల్లో పంపేవాళ్లు తక్కువే గానీ, నెట్ లేకుండా ఎస్సెమ్మెస్‌లో పోయేది అదొక్కటే కాబట్టి దాన్ని చదవడం నేర్చుకోవాలి. మన రెండు జిల్లాలకి మొదటి అంకె 18 దరిదాపుల్లో ఉంటుంది (కొత్తవలస వైపు 17.9, ఇచ్ఛాపురం వైపు 19.1), రెండోది 83 లేదా 84. రెండూ అటూ ఇటూ అయితే చుక్క ఆర్కిటిక్ సముద్రంలో పడుతుంది, అది వెంటనే దొరికిపోతుంది కాబట్టి భయం లేదు. దొరకని తప్పు ఇంకోటి ఉంది: 18 డిగ్రీల 18 నిమిషాలని 18.18 అని రాసేయడం. అది నిజానికి 18.30. ఆ తేడాకి శ్రీకాకుళం పట్టణంలో ఉన్న మనిషి పదమూడు కిలోమీటర్లు దక్షిణాన సముద్రం వైపు జరిగిపోతాడు. దశాంశ బిందువు తర్వాత నాలుగు అంకెలుంటే పది పదకొండు మీటర్ల లోపు పట్టుకోవచ్చు, రెండే ఉంటే కిలోమీటరు పైచిలుకు వెతుక్కోవాలి.

ఫొటోల్లో ఇప్పుడు ఎక్కువ కనిపించేవి జీపీఎస్ కెమెరా యాప్‌తో తీసినవి, కింద మ్యాప్ ముక్క, తేదీ, టైం అచ్చయి వస్తాయి. సచివాలయం సిబ్బంది, ఫీల్డ్ స్టాఫ్ రోజూ వాడేది ఇదే. మామూలు ఫొటో కన్నా దీన్నే ఎంచుకుంటాను, రెండు షరతుల మీద. ఒకటి, ఆ ముద్ర ఫొటో తీసినవాడు నిలబడ్డ చోటుది, గండి పడ్డ చోటుది కాదు, గట్టు మీద నుంచి జూమ్ చేసి తీస్తే అర కిలోమీటరు తేడా రావొచ్చు. రెండు, పాత ఫొటోని ఇంకో ఫోన్ తెర మీద పెట్టి దీంతో తీసినా ఈరోజు తేదీ పడిపోతుంది. మామూలు ఫొటో వాట్సాప్‌లో పంపితే లోపల దాగి ఉండే లొకేషన్ వివరాలు ఎగిరిపోతాయి, అదే డాక్యుమెంట్‌గా పంపితే ఉంటాయి. అనుమానం వస్తే గూగుల్ లెన్స్‌లో వేసి చూడండి, పాత తుపాను ఫొటో అయితే చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. ఫొటోలో షాపు బోర్డు, బస్సు మీద డిపో పేరు, హైవే కిలోమీటరు రాయి ఇలాంటిది ఒక్కటి కనిపించినా సగం పని అయిపోయినట్టే.

మ్యాప్ మీద చుక్కలు, గీతలు

గూగుల్ మ్యాప్స్‌లో ఎరుపు, పచ్చ గీతలు రోడ్డు మీద కదిలే ఫోన్ల నుంచి వస్తాయి. నీళ్లు నిండి ఒక్క బండీ తిరగని రోడ్డు మీద ఫోన్లే ఉండవు, కాబట్టి ఎరుపు రాదు. ఖాళీగా ఉందనుకుని వెళ్తే ఎందుకు ఖాళీగా ఉందో అక్కడికి వెళ్లాక తెలుస్తుంది. నగరంలో ట్రాఫిక్‌కి పనికొచ్చే ఈ వస్తువుని పాతపట్నం దారిలోనో, మెరకముడిదాం లోపలి రోడ్ల మీదో వానరాత్రి నమ్ముకోవద్దని నా సలహా.

జనమే గుర్తులు పెట్టే మ్యాపులు వేరే రకం. 2015 చెన్నై వరదలప్పుడు వలంటీర్లు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ (ఎవరైనా దిద్దగలిగే ఉచిత మ్యాప్) ఆధారంగా ఒక మ్యాప్ పెడితే, ఎవరి వీధి మునిగితే వాళ్లు దాన్ని నొక్కి గుర్తు పెట్టారు. నగరంలో ఒక వీధిని వంద మంది చూస్తారు, ఒకడు తప్పు పెడితే ఇంకొకడు సరిచేస్తాడు. మన వైపు గెడ్డ పక్క పేటకి చుక్క పెట్టేది ఒక్కడే, అతను తప్పు పెడితే అడిగేవాడు లేడు. 2010 హైతీ భూకంపంలో 4636 నంబరుకి వచ్చిన ఎస్సెమ్మెస్‌లని చదివి ఉషాహిది అనే, జనం పంపిన కబుర్లని చుక్కలుగా చూపించే మ్యాప్ మీద పెట్టే పనిలో, దేశం బయట ఉన్న హైతీ వాళ్లు చాలా సాయపడ్డారు, ఆ వీధులూ వాడలూ వాళ్లకి తెలుసు కాబట్టి. మనకి ఇది బాగా అచ్చొచ్చే పద్ధతి అని నా అభిప్రాయం. ఉద్దానం నుంచి వలస వెళ్లి హైదరాబాద్‌లోనో, చెన్నైలోనో, గల్ఫ్‌లోనో ఉన్న కుర్రాళ్లకి కరెంటు ఉంటుంది, నెట్ ఉంటుంది, ఊళ్లో ఏ తోట ఎవరిదో కూడా తెలుసు. మ్యాప్ మీద పిన్ పెట్టే పని వాళ్లకి అప్పగించండి, ఊళ్లో ఉన్నవాళ్ల బ్యాటరీ మిగులుతుంది.

ఇంకో మాట. తిత్లీ రాత్రి తర్వాత వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి వైపు స్తంభాలు పడి, కరెంటు పోయి, ఫోన్లు మూగబోయాయి. అలాంటప్పుడు మ్యాప్ మీద ఎక్కడ చుక్కలు గుంపుగా ఉంటాయో అక్కడ దెబ్బ ఎక్కువ తగిలిందనుకోవద్దు, అక్కడ టవర్ పనిచేస్తోందని మాత్రమే అనుకోండి. తుపాను దారిలో ఉండి, పొద్దున్న ఎనిమిదయినా ఒక్క కబురూ రాని ఊరే ముందు చూడాల్సిన ఊరు. సాయం పంపేవాళ్లు మ్యాప్ పక్కన ఊళ్ల జాబితా పెట్టుకుని, కబురు రాని ఊళ్లకి గుర్తు పెట్టుకుంటే చాలా తేడా ఉంటుంది.

పేర్ల గొడవ

మన జిల్లాల్లో లొకేషన్ తప్పులు ఎక్కువగా పేర్ల దగ్గరే వస్తాయి. ఆమదాలవలస అంటే శ్రీకాకుళం రోడ్ రైల్వే స్టేషన్ ఉన్న పట్టణం, రేగిడి ఆమదాలవలస అంటే 2022లో విజయనగరం జిల్లాలో కలిసిన మండలం. కొత్తూరు వేరు, వజ్రపుకొత్తూరు వేరు, మొదటిది వంశధార పక్కన, రెండోది సముద్రం పక్కన. కోటబొమ్మాళి, సంతబొమ్మాళి రెండూ మండలాలే, రాసేవాడు తొందరలో "బొమ్మాళి" అని వదిలేస్తాడు. చింతపల్లి అనగానే బయటివాళ్లకి మన్యంలోని చింతపల్లి గుర్తొస్తుంది, పూసపాటిరేగ మండలంలో బీచ్ ఉన్న చింతపల్లి వాళ్లకి తట్టదు. పేట, వలస, పుట్టుగ, పాలెం అని ముగిసే పేర్లకైతే లెక్కే లేదు.

కాబట్టి ఊరి పేరు మాత్రమే ఉన్న కబురు కన్నా, ఊరు, మండలం, దగ్గర్లో కదలని గుర్తు ఉన్న కబురుని ఎంచుకోండి. కదలని గుర్తు అన్నాను, ఎందుకంటే "పెద్ద మర్రి దగ్గర" అంటే ఆ మర్రి రాత్రే పడిపోయి ఉండొచ్చు, ఫ్లెక్సీలు, బోర్డుల సంగతి చెప్పక్కర్లేదు. రైల్వే గేటు నంబరు, పట్టాల పక్క కిలోమీటరు రాయి, హైవే 16 మీద కిలోమీటరు రాయి, ట్రాన్స్‌ఫార్మర్ మీద రాసిన నంబరు ఇవి పనికొస్తాయి. ట్రాన్స్‌ఫార్మర్ నంబరు మనకి అర్థం కాకపోయినా లైన్‌మన్‌కి చెబితే కళ్లు మూసుకుని వెళ్తాడు.

ఒక్క ఫోన్ కాల్

ఇన్ని చెప్పాక కూడా, ఏదో ఒక్కటే ఎంచుకోమంటే నేను ఎంచుకునేది తెలిసిన మనిషికి ఫోన్. ఫోన్‌లో అడగాల్సింది కూడా ఒక్కటే.

"మావా, గెడ్డ పొంగీసిందంటన్నారు, నువ్వు సూసినావేటి?"

"నాను సూడ్నేదు మావా, మా తోడల్లుడు గ్రూపులో ఎట్టినాడు."

అయితే తోడల్లుడి నంబరు తీసుకోండి. చూసినవాడు దొరికేదాకా వెళ్లండి, మామూలుగా రెండో ఫోన్‌కో మూడో ఫోన్‌కో దొరుకుతాడు, లేదా అసలు చూసినవాడే లేడని తేలుతుంది. వంతెన, కాజ్‌వే సంగతైతే రెండు గట్ల నుంచీ ఒక్కొక్కరిని అడగండి, ఇటువైపు నిలబడ్డవాడికి అటు కోసుకుపోయిన రోడ్డు కనబడదు. ఎవరూ తెలియకపోతే రెండు వైపులా ఉన్న పెట్రోల్ బంకులకి ఫోన్ చేయండి, నంబర్లు మ్యాప్‌లో ఉంటాయి, జనరేటర్ ఉంటుంది, పైగా ఆ రోడ్డున వచ్చిన ప్రతి డ్రైవరూ అక్కడ ఏదో ఒకటి చెప్పి పోతాడు. పాల వ్యాను డ్రైవర్, ఆర్టీసీ డిపో వాళ్లు, రైల్వే గేట్‌మన్ కూడా ఇలాంటివాళ్లే. కరెంటు తీగలు తెగిపడ్డాయంటే మాత్రం ఎవరూ చూడ్డానికి వెళ్లొద్దు, నేరుగా 1912కి చెప్పండి.

అధికారుల మాట ఎక్కడ వినాలంటే, తుపాను ఎటు వెళ్తోంది, గాలి ఎంత, నదిలోకి ఎంత నీరు వదులుతున్నారు అన్న మూడింటికీ వాళ్లే గతి, గ్రూపులో అన్నయ్య ఎంత గట్టిగా చెప్పినా సరే. నాగావళి, వంశధార రెండూ ఒడిశా కొండల్లో పుట్టి వస్తాయి, అక్కడ వాన పడితే ఇక్కడ ఎండ కాస్తున్నా వరద వస్తుంది, తిత్లీ వెళ్లాక వంశధార అలాగే పొంగింది. అందుకే "ఆకాశం తేటగా ఉంది, వరదేంటి" అని కబురుని కొట్టిపారేయకండి, వంశధార మీది గొట్టా బ్యారేజీ దగ్గర ఎన్ని క్యూసెక్కులు వదులుతున్నారో చూడండి. గేట్లు ఎత్తడం మామూలు పని, వచ్చిన నీటిని కిందికి వదలడానికే ఎత్తుతారు. అది నాలుగు గ్రూపులు దాటేసరికి "గేట్లు కొట్టుకుపోయాయి" అయిపోతుంది. అయితే మీ ఊరి గెడ్డ ఇప్పుడు మోకాలి లోతా, నడుము లోతా అన్నది ఏ బులెటిన్‌లోనూ రాదు, దానికి గట్టు మీద మనిషే కావాలి.

ఎంతసేపటికి పాతబడుతుంది

గెడ్డ నీరు గంటలో పెరుగుతుంది, గంటలో దిగుతుంది కూడా, కాబట్టి దాని మీద కబురు గంట దాటితే చెల్లదనే అనుకోండి. నది వరద నెమ్మది, కొన్ని గంటల క్రితం మాట కూడా పనికొస్తుంది, పైన ఎంత వదిలారో తోడుగా చూసుకుంటే. చెట్టు పడిందన్న మాట దాన్ని కోసేదాకా నిజమే, కోసేశారన్న మాట మాత్రం మళ్లీ గాలి మొదలైతే చెల్లదు. మంచినీళ్లు లేవు, తిండి లేదు అన్న కబురు ఒక్క వ్యాను వెళ్లగానే మారిపోతుంది. 2018లో కేరళ వరదల్లో జనాన్ని కాపాడి తీసుకెళ్లిపోయాక కూడా వాళ్ల పేరుతో సాయం అడిగే మెసేజ్‌లు తిరుగుతూనే ఉన్నాయి.

మీరే పంపాల్సి వస్తే, చదివేవాడు మళ్లీ మీకు ఫోన్ చేసే పని లేకుండా రాయండి. "అక్టోబరు 11, పొద్దున్న 7.40. వజ్రపుకొత్తూరు మండలం, ఫలానా ఊరు, హైస్కూల్ వెనక వీధి. నేను స్వయంగా చూశాను. రేకుల ఇల్లు కూలింది, లోపల ఎవరూ లేరు, ఆరుగురు స్కూల్లో ఉన్నారు, ఒకరికి కాలు విరిగింది. స్కూలు దాకా ట్రాక్టర్ వస్తుంది, కారు రాదు." దాని కిందే పిన్, మీ నంబరు. కాలు విరిగిన మనిషిని తీసుకెళ్లిపోయాక అదే మెసేజ్‌కి రిప్లై పెట్టి "9.15కి ఆసుపత్రికి తీసుకెళ్లారు, ఇంక ఎవరూ రావక్కర్లేదు" అని రాయండి, మీరు డిలీట్ చేసినా ఇతరులు ఫార్వర్డ్ చేసిన కాపీలు పోవు కాబట్టి, ఆ రిప్లైని కూడా పంపినవాళ్లందరికీ పంపండి.